ఎర్రమట్టి దిబ్బల్లో ఒక గంట నడక



"మా ఆటోనగర్‌లో ఎక్కడ నడవమంటారండీ? రోడ్డు నిండా లారీలూ, దుమ్మూనూ!" అని షుగర్ పేషెంట్లు తరచు అడుగుతుంటారు. నిజమే. లేత్ మిషన్ దగ్గరో, వెల్డింగ్ షెడ్డులోనో రోజంతా నిలబడితే కాళ్లు లాగుతాయి గాని, అది వ్యాయామం కాదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అందులో ఒక రోజు నడకను అప్పుడప్పుడు కుటుంబమంతా కలిసి ఒక మంచి చోట పెట్టుకుంటే ఒంటికే కాదు, మనసుకూ మేలు.

మన దగ్గరే ఒక ఎడారి

భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ల క్రితం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోగు చేసిందనీ, అందులోని ఇనుము తుప్పు పట్టి ఇసుక ఎర్రబడిందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ దిబ్బలను వాన నీరు కోసి, మలుపులు తిరిగే లోతైన దారులుగా మార్చింది. వాటి అడుగున నడుస్తుంటే రెండు వైపులా ఎర్రటి గోడలు, పైన ఆకాశం, గట్ల మీద జీడిమామిడి చెట్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. కాబట్టి అక్కడి మట్టిని తవ్వకండి, సీసాల్లో నింపి తేకండి.

మా ఇంట్లో జరిగినది

మా బావగారు లేత్ పని చేసేవారు. పన్నెండేళ్లుగా షుగరు. ఒక మే నెలలో పిల్లలను తీసుకుని ఆ దిబ్బలకు వెళ్లారు. ఇసుక మెత్తగా ఉందని చెప్పులు చేతబట్టుకుని నడిచారు. పదకొండు దాటేసరికి పిల్లలు "కాలుతోంది నాన్నా!" అంటూ నీడకు పరుగెత్తారు. ఆయన మాత్రం "నాకేం కాలడం లేదే" అని నవ్వుతూ నెమ్మదిగా వచ్చారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా అక్క చూసింది. రెండు అరికాళ్లకూ బొబ్బలు! షుగరు వల్ల ఆయన పాదాలకు స్పర్శ ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. పుండ్లు మానడానికి మూడు నెలలు పట్టింది. ఒక వేలు తీసేయవలసి వచ్చింది. అన్నాళ్లూ పని లేదు, ఇల్లు గడవడం కష్టమైంది. ఇప్పుడాయన బూట్లు లేనిదే గడప దాటరు.

వెళ్లేముందు

1. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఉదయం తొమ్మిదిలోపు నడక ముగించండి.

2. షుగరున్నవారు ముందుగా డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. మెత్తని బూట్లు, మేజోళ్లు వేసుకోండి. తిరిగొచ్చాక అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి.

3. ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో బయల్దేరవద్దు. జేబులో గ్లూకోజు ఉంచుకోండి. వణుకు, చెమట, గాభరా వస్తే వెంటనే నోట్లో వేసుకోండి.

4. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది. ఛాతీలో నొప్పి, బిగుతు, మితిమీరిన ఆయాసం వస్తే ఆగిపోండి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. గుండె జబ్బున్నవారు డాక్టరును అడిగే బయల్దేరాలి.

5. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక లీటరు నీళ్లు తీసుకెళ్లండి.

6. దారులన్నీ ఒకేలా ఉంటాయి. ఒంటరిగా లోపలికి పోవద్దు. గోడలు వదులు ఇసుకవి గనుక వాటి కింద కూర్చోవద్దు. వాన పడే రోజు అసలే వద్దు.

ఎండలో ఎవరైనా మాట తడబడినా, స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

అరణ్యంలో అలసి బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించి, ఆ తర్వాతే ప్రయాణానికి లేపాడు (1 రాజులు 19వ అధ్యాయం). మన శరీరాన్ని కూడా అలాగే చూసుకుందాం. తిని, నీళ్లు తాగి, కాళ్లకు చెప్పులు తొడిగి, అప్పుడు నడుద్దాం.

దేవుడు మీ అడుగులను కాపాడును గాక.