సమ్మతి పత్రం వెనుక ఉండవలసిన పత్రాలు

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు తల్లితో మాత్రమే, తండ్రితో మాత్రమే, లేదా బంధువుల వెంట దేశం దాటవలసి వచ్చినప్పుడు, వెంట వెళ్లని తల్లి లేదా తండ్రి ఆ ప్రయాణానికి తమకు అంగీకారమేనని రాసి నోటరీ ఎదుట సంతకం చేసి ఇచ్చే కాగితాన్ని సమ్మతి పత్రం అంటారు. ఒకరికి తెలియకుండా మరొకరు బిడ్డను పరదేశానికి తరలించడాన్ని అరికట్టాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 11వ అధికరణం సభ్యదేశాలకు బాధ్యత అప్పగించగా, ఆ ఒడంబడికలో మయన్మార్ 1991లోనూ భారతదేశం 1992లోనూ చేరాయి. అయితే ఈ పత్రానికి సొంత బలమంటూ ఏమీ లేదు. సంతకం చేసిన వ్యక్తే ఆ బిడ్డకు తల్లి లేదా తండ్రి అని నిరూపించే రికార్డులు ఉన్నంతవరకే దానికి విలువ.

ఆ రికార్డులు దొరకని చోట ఏమవుతుందో మయన్మార్‌లోని యాంగోన్ (పాత పేరు రంగూన్) నగరపు లైంగ్‌థార్యార్‌ను చూస్తే తెలుస్తుంది. లైంగ్ నదికి పడమటి ఒడ్డున 1989లో ఏర్పడిన ఈ టౌన్‌షిప్‌లో 2014 జనాభా లెక్కల నాటికి 6,87,867 మంది ఉన్నారు. వారిలో చాలామంది దుస్తుల కర్మాగారాల్లో కూలికోసం, 2008 మే నెలలో నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచెత్తిన తరువాత బతుకుతెరువు కోసం పల్లెలు విడిచి వచ్చినవారు. మయన్మార్‌లో ఒక ఇంట్లో ఎవరెవరున్నారో, వారికి పరస్పరం ఏ బంధుత్వమో తెలిపే ‘కుటుంబ జాబితా’ అనే అధికారిక పత్రం దాదాపు ప్రతి దరఖాస్తుకూ పునాది. వలస వచ్చిన కుటుంబాల పేర్లు తరచు సొంత ఊరి జాబితాలోనే ఉండిపోతాయి, లేదా ఆ కాగితమే వరదలో పోయి ఉంటుంది. కొత్త చోట పుట్టిన బిడ్డను ఏ జాబితాలో చేర్చాలన్నా వార్డు అధికారి సిఫారసు లేఖతో మొదలై పాత ఊరి కార్యాలయం దాకా తిరగాలి. థాయ్‌లాండ్‌లో పనిచేస్తున్న భర్త దగ్గరకు బిడ్డతో వెళ్లదలచిన కర్మాగార కార్మికురాలికి సమ్మతి పత్రం రాయించడం ఒక పూట పని. దాని కింద ఉండవలసిన కాగితాలు సమకూర్చుకోవడానికి నెలలు పట్టవచ్చు. పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమం పేదవారి మీదే ఎక్కువ భారం మోపుతోందంటే లోపం నియమంలో కాదు, నమోదు వ్యవస్థలో ఉంది.

పేర్ల విషయం మరొక చిక్కు. బర్మీయులకు ఇంటిపేరు లేదు, పెళ్లయినా స్త్రీ పేరు మారదు. కాబట్టి పేర్లు చూసి ఎవరు ఎవరి బిడ్డో సరిహద్దు అధికారి ఊహించలేడు. ఒకప్పుడు రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన తెలుగువారి సంతతిలో రికార్డులో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు ఉండటం కద్దు. ఆంధ్రలోని బంధువుల దగ్గరకు బిడ్డను పంపేటప్పుడు పత్రంలో పాస్‌పోర్టు పేరే రాయాలి. పిలుపు పేరు రాస్తే ఆ కాగితం మరొకరిదవుతుంది.

ఒక దేశపు నోటరీ ముద్రను మరో దేశం నమ్మడానికి 1961 నాటి హేగ్ ఒప్పందం ‘అపోస్టిల్’ అనే ఒకే ధ్రువీకరణను ఏర్పరచింది. భారతదేశంలో అది 2005 నుంచి అమలులో ఉంది. మయన్మార్ ఆ ఒప్పందంలో లేదు. అందువల్ల ఈ రెండు దేశాల మధ్య పత్రాలకు నోటరీ తరువాత విదేశాంగ శాఖ, ఆపైన అవతలి దేశపు రాయబార కార్యాలయం వరుసగా ముద్ర వేసే పాత పద్ధతే గతి.

తెలుగు పాఠకులు తరచు పొరబడేది రెండు సమ్మతులను ఒకటిగా భావించడంలో. భారత పాస్‌పోర్టు నియమాల ప్రకారం మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ అనుబంధం ‘డి’లో ప్రకటన ఇస్తారు, ఒకరి సమ్మతి దొరకనప్పుడు రెండోవారు అనుబంధం ‘సి’ ఇస్తారు. 2016 డిసెంబరు మార్పులతో ఇవి తెల్లకాగితం మీద స్వయంప్రకటనలుగా సరిపోతున్నాయి. అది పాస్‌పోర్టు పొందడానికి ఇచ్చిన అంగీకారమే గాని ఫలానా ప్రయాణానికి ఇచ్చినది కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకులుగా తండ్రిని, ‘ఆయన తరువాత’ తల్లిని పేర్కొనగా, ఆ మాటకు తండ్రి అందుబాటులో లేనప్పుడు అనే అర్థం కూడా ఉందని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్, మయన్మార్ రెండూ లేనందున వివాదం పుడితే కోర్టులే దిక్కు. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తీసుకువచ్చిన వ్యవహారంలో, వారు తిరిగి అమెరికా వెళ్లాలని సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఆదేశించే నాటికి రెండేళ్లు గడిచిపోయాయి.

పత్రంలో బిడ్డ పాస్‌పోర్టు సంఖ్య, వెంట వెళ్లేవారి వివరాలు, వెళ్లే దేశం, తేదీలు, బస చేసే చిరునామా స్పష్టంగా ఉండాలి. ‘ఎప్పుడైనా, ఎక్కడికైనా’ అని రాసిన సమ్మతిని అధికారులు అనుమానంగా చూస్తారు. జనన ధ్రువపత్రం, సంతకం చేసినవారి గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. ఒకరు మరణించి ఉంటే మరణ ధ్రువపత్రం, విడిపోయి ఉంటే కోర్టు ఉత్తర్వు సమ్మతికి బదులు పనిచేస్తాయి. బర్మీస్‌లోనో తెలుగులోనో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం అవసరం. సమ్మతి ఇచ్చినవారి ఫోను సంఖ్య కూడా అందులో రాసి, ప్రయాణం రోజున వారు ఆ ఫోను దగ్గరే ఉండాలి. సందేహం వస్తే అధికారి నేరుగా వారినే పిలిచి అడగవచ్చు.