నెల్లిమర్ల నియోజకవర్గం, అమెరికా ఓటు సూత్రం: హద్దులు గీసే అధికారం ఎవరిది?

ప్రతినిధిని ఎన్నుకునే హక్కు ఓటరుకు ఎంత విలువైనదో, ఆ ఎన్నిక ఏ ఊళ్ల మధ్య, ఎంతమంది జనాభాతో జరగాలో తేల్చే అధికారం కూడా ప్రజాస్వామ్యానికి అంతే కీలకమైనది. విజయనగరం జిల్లాలోని నెల్లిమర్ల శాసనసభ నియోజకవర్గం ఇందుకు చక్కని ఉదాహరణ. 2008 నాటి పునర్విభజనకు ముందు ఈ ప్రాంతం సతివాడ, భోగాపురం అనే నియోజకవర్గాల కింద ఉండేది. ఆ రెండు పేర్లూ ఎన్నికల పటం నుంచి తొలగిపోగా, నెల్లిమర్ల, డెంకాడ, పూసపాటిరేగ, భోగాపురం మండలాలతో కొత్త నియోజకవర్గం ఏర్పడి, 2009లో తొలిసారి ఎన్నికలకు వెళ్లింది. జూట్ మిల్లు కార్మికుల పట్టణమూ, రామతీర్థం చుట్టుపక్కల సేద్యపు గ్రామాలూ, పూసపాటిరేగ తీరంలోని చింతపల్లి వంటి మత్స్యకార పల్లెలూ ఒకే ఎమ్మెల్యే పరిధిలోకి వచ్చాయి. భోగాపురం నుంచి 1983 మొదలుకొని పలుమార్లు గెలిచిన పతివాడ నారాయణస్వామి నాయుడు 2014లో నెల్లిమర్ల పేరుతోనే శాసనసభకు వెళ్లవలసి వచ్చింది.

ఈ మార్పు చేసింది శాసనసభా కాదు, ఏ పార్టీ ప్రభుత్వమూ కాదు. 2002 నాటి చట్టం ప్రకారం, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్, అంటే నియోజకవర్గాల పునర్విభజన సంఘం, 2001 జనాభా లెక్కలను ఆధారం చేసుకొని ఈ హద్దులు గీసింది. స్థానిక ఎంపీలు, ఎమ్మెల్యేలు కొందరు సహసభ్యులుగా కూర్చొని అభిప్రాయం చెప్పగలిగారే గాని, వారికి ఓటు లేదు. సంఘం తుది ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. దాన్ని కోర్టులో ప్రశ్నించకుండా రాజ్యాంగంలోని 329వ అధికరణ అడ్డుగోడ కట్టింది.

అమెరికా ఇదే సమస్యను వేరే దారిలో పరిష్కరించుకోవాలని చూసింది. 1787లో రాసుకున్న అక్కడి రాజ్యాంగం పదేళ్లకోసారి జనాభాను లెక్కించి, ఆ లెక్క ప్రకారం ప్రతినిధుల సభలోని స్థానాలను రాష్ట్రాల మధ్య పంచాలని ఆదేశించింది. మన లోక్‌సభ వంటి ఆ సభలో స్థానాల సంఖ్య 435 దగ్గర స్థిరపడిపోవడంతో, ఒక రాష్ట్రానికి స్థానం పెరిగితే మరొక రాష్ట్రానికి తరగక తప్పదు. 2020 లెక్కల తర్వాత టెక్సస్‌కు రెండు స్థానాలు పెరిగాయి, కాలిఫోర్నియాకు ఒకటి తగ్గింది. న్యూయార్క్ రాష్ట్రం కేవలం 89 మంది జనాభా తక్కువైనందుకు ఒక స్థానాన్ని పోగొట్టుకుంది.

అయితే రాష్ట్రం లోపల హద్దులు గీసే పని చాలాచోట్ల అక్కడి శాసనసభల చేతిలోనే ఉండిపోవడంతో, పాత హద్దులే తమకు లాభమనుకున్న సభ్యులు వాటిని కదపకుండా ఉంచేవారు. టెనెసీ రాష్ట్రంలో 1901 తర్వాత అరవై ఏళ్లపాటు పునర్విభజనే జరగక, పట్టణాలు పెరిగినా అధికారం పల్లెల ప్రతినిధుల దగ్గరే ఉండిపోయింది. ఆ వివాదాన్ని కోర్టులు విచారించవచ్చని 1962లో బేకర్ వర్సెస్ కార్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్ల తర్వాత రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ కేసులో, అలబామా సెనేట్ నియోజకవర్గాల జనాభాల మధ్య 41 రెట్ల వరకు తేడా ఉన్నట్టు బయటపడగా, రాష్ట్ర చట్టసభల రెండు సభలకూ దాదాపు సమాన జనాభా గల నియోజకవర్గాలు ఉండి తీరాలని అదే కోర్టు ఆదేశించింది. ‘ఒక వ్యక్తికి ఒక ఓటు’ అన్న మాటకు, ప్రతి ఓటుకూ సమాన విలువ ఉండాలన్న అర్థం ఈ తీర్పులతో స్థిరపడింది.

సంఖ్యలు సమానమైనంత మాత్రాన కుటిలత్వం అంతరించలేదు. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ ఆమోదించిన వంకరటింకర నియోజకవర్గం వల్ల, తమ పార్టీకి గెలుపు దక్కేలా హద్దులు మలచడానికి గెరీమాండరింగ్ అనే పేరు వచ్చింది. ఎదుటి పార్టీ ఓటర్లను ఒకే చోట కుక్కడం, లేదా వారు ఎక్కడా గెలవకుండా నాలుగు ముక్కలుగా చెదరగొట్టడం ఇందులోని కిటుకు. పార్టీల స్వార్థంతో గీసిన హద్దుల విషయంలో ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోలేవని 2019లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ కిటుకుకు పెద్ద అడ్డంకి లేకుండా పోయింది.

భారతదేశం ఈ రోగాన్ని స్వతంత్ర సంఘంతో చాలావరకు తప్పించుకున్నా, టెనెసీని పట్టిన జబ్బును తానే కోరి తెచ్చుకుంది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న ఉద్దేశంతో, 1976లో 42వ సవరణ రాష్ట్రాల మధ్య లోక్‌సభ స్థానాల పంపకాన్నీ, రాష్ట్రాల శాసనసభ స్థానాల సంఖ్యనూ 1971 లెక్కల దగ్గరే నిలిపివేసింది. 2001లో చేసిన 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా పొడిగించింది. అమెరికాలో చిన్న రాష్ట్రాల భయానికి ఎగువ సభ అయిన సెనేట్ సమాధానం చెబుతుంది. సుమారు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ, 6 లక్షల లోపు జనాభా గల వయోమింగ్‌కూ అక్కడ రెండేసి స్థానాలే. మన రాజ్యసభలో మాత్రం ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలుండటంతో, పెద్ద రాష్ట్రాల బరువును సరిదిద్దే ఏర్పాటు లేకుండా పోయింది. పునర్విభజన అనగానే దక్షిణాది రాష్ట్రాలు కలవరపడటానికి ఇది ముఖ్య కారణం.

2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచవచ్చని చెప్పినా, ఆ నిలుపుదల నియమం ఉన్న రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడే అన్న షరతు పెట్టింది. ఆ పెంపును వెంటనే అమలు చేయించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో తోసిపుచ్చింది. కాబట్టి నెల్లిమర్ల హద్దులు మళ్లీ కదిలేది పునర్విభజన సంఘం మళ్లీ కూర్చున్నప్పుడే. 2002 చట్టం నమూనాలో ఆ సంఘం ముందుగా ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలు కోరి, బహిరంగ విచారణ జరుపుతుంది. అమెరికా ఓటరు హద్దులు ఖరారైన తర్వాత కూడా జనాభా అసమానతపై కోర్టుకెక్కగలడు. ఇక్కడి ఓటరుకు మాత్రం ఆ తలుపు దాదాపు మూసి ఉన్నందున, తన ఊరు ఏ ఊళ్లతో కలవాలో చెప్పుకోవడానికి ఆ బహిరంగ విచారణే అసలైన అవకాశం.