పక్కింటి బిందె

పిల్లలూ! బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లగానే మీ ఇంట్లో మొదట దేని గురించి అడుగుతారు? గ్యాసు, బడి బస్సు, నెట్ కనెక్షన్. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి కాబట్టి నీళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు. నేనూ అంతే.

2014 అక్టోబరులో నేను విశాఖపట్నానికి కొత్త. సామాన్ల పెట్టెలు సగం కూడా విప్పలేదు. హుద్‌హుద్ తుఫాను వస్తోందని ముందే హెచ్చరించారు. కొవ్వొత్తులు, బిస్కెట్లు కొనుక్కున్నాను. 12వ తేదీన గంటకు 170 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి వీచింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. కరెంటు లేక మోటారు ఆగింది, మోటారు ఆగి మేడమీది ట్యాంకు నిండలేదు. మర్నాటి సాయంత్రానికి కుళాయి గాలి ఊదింది. పక్కింటి మామ్మగారు ఓ బిందెడు నీళ్లు ఇస్తూ, "కబురు తెలిసి కూడా నీళ్లు పట్టుకోలేదేటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఎన్ని నీళ్లు కావాలి? తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు అనుకోండి. నలుగురికి మూడు రోజులకు 4×4×3, అంటే 48 లీటర్లు. ఎండాకాలమైతే, ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఇంకొంచెం ఎక్కువ. వాడకానికి బకెట్లు వేరుగా నింపాలి.

ఎందులో పోయాలి? శుభ్రంగా కడిగిన మూత గట్టి క్యాన్లలో, బిందెల్లో. పెయింటు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. లీటరు నీరు కిలో బరువు. కాబట్టి మోయగలిగే 10 లీటర్ల క్యాన్లే మేలు. నింపిన తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టండి.

ఎలా కాపాడాలి? నీళ్లలో చెయ్యి ముంచకూడదు. కాడ ఉన్న గరిటెతోనో, కింద కుళాయి ఉన్న డబ్బాతోనో తీసుకోవాలి. డెంగీ దోమ మంచినీళ్లలో కూడా గుడ్లు పెడుతుంది. అందుకే మూత తప్పనిసరి. వారానికోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి, పాత్ర లోపల రుద్ది కడిగి మళ్లీ నింపండి.

నీటిపై అనుమానం ఉంటే? పటిక మట్టిని అడుగుకు దించుతుంది కానీ క్రిములను చంపదు. తేరిన నీటిని గుడ్డతో వడకట్టి, తెర్లుతుండగా ఒక నిమిషం మరిగించాలి. బాగా ఎత్తైన కొండ ఊళ్లలో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి అక్కడ మూడు నిమిషాలు.

ఊరు మారితే కారణం మారుతుంది. కోస్తాలో తుఫాను, లేహ్‌లో గొట్టాల్లో గడ్డకట్టే చలి, మరో చోట ఎండిన బోరు. నీళ్లు ఆగడం మాత్రం ఒక్కటే. ఈ ఆదివారం మీ ఇంట్లో ఎంతమందో లెక్కవేసి, ఎన్ని క్యాన్లు కావాలో అమ్మానాన్నలకు చెప్పండి. వీలైతే ఒక బిందె ఎక్కువే నింపండి. పక్క క్వార్టర్‌లోకి నాలా కొత్తగా ఎవరైనా దిగి ఉండొచ్చు.