కూడూ గూడూ సరే, ఇంటిపేరు మాటేమిటి?

తెలుగునాట పిల్లవాడు కనబడగానే పెద్దలు వేసే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి?" అని. హైదరాబాదు పాత వాడల్లో అయితే "ఎవరి పిల్లగానివిరా?" అంటారు. ఆ వెంటనే ఇంటిపేరు అడుగుతారు. ఈ రెండింటికీ జవాబు లేని పిల్లల కథ బేగంపేట, అమీర్‌పేట ప్రాంతాలకు కొత్తది కాదు.

అమీర్‌పేటను ఆనుకొని ఉన్న మధురానగర్‌లో, మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాంగణంలో ప్రభుత్వ శిశువిహార్ ఉంది. ఆసుపత్రి మెట్ల మీదో, చెత్తకుండీ పక్కనో, రైలు బోగీలోనో వదిలేసిన పసికందులను తెచ్చి పెంచే చోటు అది. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెట్రో స్తంభాలు. పుస్తకాల సంచులతో పరుగెత్తే యువకుల్లో చాలామందికి ఆ గోడ వెనుక ఊయలలు ఉన్నాయని కూడా తెలియదు.

అక్కడికి నాలుగైదు కిలోమీటర్లకు మించని దూరంలో, బేగంపేట ఉమానగర్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఉంది. 1959లో దానిని నెలకొల్పినవారు సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే కథోలిక మఠకన్యలు. నేడు నగరంలో పేరున్న కళాశాలగానే అందరూ దానిని ఎరుగుదురు. కాని ఆ సభ పుట్టింది కళాశాలలు పెట్టడానికి కాదు. ఇటలీలోని లొవేరే అనే చిన్న ఊళ్ళో 1832లో బార్తొలొమేయా కపితానియో అనే పాతికేళ్ళ యువతి, ఆమె కంటే వయసులో చాలా పెద్దదైన విన్చెంజా జెరోజా కలిసి పేద బాలికలకు చదువు చెప్పడానికి, రోగులకు సేవ చేయడానికి దానిని ప్రారంభించారు. మరుసటి సంవత్సరమే బార్తొలొమేయా మరణించింది. జెరోజా బరువు మోసింది. 1860 నాటికి ఆ మఠకన్యలు బెంగాలు చేరారు.

ఇలా వచ్చినవారు వారొక్కరే కాదు. సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ పేరు ఎరుగనివారు అరుదు. ఆ మఠకన్యలు 1871లో ఇక్కడికి వచ్చారు. వారి సభను 1834లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో స్థాపించినవారు సంపన్న దంపతులు, మార్క్విస్ కార్లో తన్‌క్రేది, ఆయన భార్య జూలియా. వారికి సంతానం లేదు. కన్నబిడ్డలు లేని ఆ ఇద్దరు వీధిలోని పిల్లలను చేరదీయడంతో మొదలైన పని దాదాపు నాలుగు దశాబ్దాలకు నిజాం రాజ్యపు కంటోన్మెంటు దాకా వచ్చింది.

వారు వచ్చిన అయిదేళ్ళకే మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876–78 కరువు దక్కనును ఊపివేసింది. తిండి లేక ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయిన ఆ రోజుల్లో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలు మిషన్ల గుమ్మాల ముందు చేరారు. దక్షిణ భారతంలో అనేక క్రైస్తవ అనాథాశ్రమాలకు, బోర్డింగులకు కరువే పునాదిరాయి. లోపలికి వచ్చిన బిడ్డకు గంజితో పాటు మతం కూడా అందేదన్న విమర్శ ఆనాడే ఉంది. దానిని కొట్టిపారేయవలసిన పని లేదు. అయితే ఆ గంజి పోసే చేయి ఆ రోజు మరొకటి కనబడలేదన్నదీ అంతే నిజం.

పిడికెడు బియ్యం

ఆశ్రమాలు నడిపింది మఠకన్యలు, మిషనరీలు అయినా, వాటి వెనుక ఉన్నది ఆదివారపు సంఘం. తెలుగు క్రైస్తవ గృహాల్లో ఒక పాత అలవాటు ఉంది. ఇల్లాలు పూట పూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ మూట గుడికి చేరుతుంది. ఇంట్లో ఎవరికీ ఒక ముద్ద తగ్గినట్లు తెలియదు. వంద ఇళ్ళ పిడికిళ్ళు కలిస్తే బస్తా నిండుతుంది. కోతకాలపు పండుగలో గుమ్మడికాయ, కోడిపుంజు, అరటిగెల వేలం వేసి, అయిదు రూపాయల సరుకును యాభైకి పాడుకోవడం ఇంకో ముచ్చట. (పాడుకొన్నవాడే ఆ గుమ్మడికాయను మళ్ళీ వేలానికి ఇచ్చివేయడమూ కద్దు.)

కథోలిక విచారణల్లో పునీత అంతోని స్వరూపం వద్ద పేదల రొట్టె పేరిట ఒక పెట్టె ఉంటుంది. విన్సెంట్ డి పాల్ సొసైటీ పద్ధతి మరీ ప్రత్యేకం. 1833లో పారిస్‌లో ఓజనాం అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి, అతని మిత్రులు కలిసి పెట్టిన సంఘం అది. సభ్యులు వారానికొకసారి కూడతారు. చివర ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరెంత వేశారో పక్కవాడికి తెలియదు. ఆ డబ్బుతో ఇద్దరిద్దరుగా పేదల ఇళ్ళకు వెళతారు. పేదవాడిని గుడి గుమ్మానికి రప్పించుకోకుండా తామే అతని గడప తొక్కాలన్నది ఆ సంఘపు నియమం.

ఈ బోర్డింగుల్లో చదివి పైకి వచ్చినవారి సంఖ్య చిన్నది కాదు. వారిలో అధికులు దళిత కుటుంబాల పిల్లలు. హైదరాబాదు అగ్రపీఠానికి 2021లో అధిపతిగా వచ్చిన పూల అంతోని ఆనాటి కర్నూలు జిల్లాలో 1961లో జన్మించారు. పేదరికంవల్ల ఏడవ తరగతితో చదువు ఆగిపోగా, మిషనరీలు చేరదీసి కడపలో చదువు కొనసాగేలా చూశారు. 2022 ఆగస్టు 27న ఆయన కార్డినల్ అయ్యారు. కార్డినల్ పదవి పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే.

రిజిస్టరులో ఖాళీ గడి

కూడు దొరికింది. గూడు దొరికింది. చదువు దొరికింది. ఇబ్బంది తరువాత మొదలయ్యేది.

గుడిలో పెళ్ళి జరగాలంటే ముందుగా ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారుడు, ఫలానావారి కుమార్తె అని. ఆశ్రమంలో పెరిగిన కుర్రాడి దగ్గరకు వచ్చేసరికి ఆ మొదటి మాటే ఉండదు. జ్ఞానస్నానపు రిజిస్టరులోనూ అంతే. 1983లో వెలువడిన కథోలిక ధర్మశాస్త్రం 877వ నిబంధన ప్రకారం తల్లి, తండ్రి ఎవరో నిర్ధారణ కాని బిడ్డకు బిడ్డ పేరు మాత్రమే రాస్తారు, తల్లిదండ్రుల గడి వదిలేస్తారు. అబద్ధం రాయకుండా ఉండడం మంచిదే. కాని ఆ ఖాళీ గడి ఉద్యోగం దరఖాస్తు వరకు, పెళ్ళి చూపుల వరకు వెంటబడి వచ్చేది.

మరి బిడ్డలు లేని క్రైస్తవ దంపతులు అదే విచారణలో ఉన్నారు గదా, వారు పెంచుకోరాదా? పెంచుకొన్నారు. అయినా చట్టం వారిని తల్లిదండ్రులు అనలేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. క్రైస్తవులకు, ముస్లిములకు, పార్సీలకు దత్తత చట్టం లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వారు సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. బిడ్డ మేజరు కాగానే ఆ సంబంధం కాగితం మీద ముగిసిపోయేది. పెంచిన తండ్రి ఆస్తిలో తనకు తానుగా వాటా వచ్చేది కాదు, వీలునామా ఉంటే తప్ప. అనాథ పిల్లల కోసం దేశమంతటా ఆశ్రమాలు నడిపిన సమాజమే ఒక అనాథకు చట్టరీత్యా తన ఇంటిపేరు ఇచ్చుకోలేకపోవడం ఎంత చిత్రమో ఆలోచించవచ్చు.

అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో పార్లమెంటుకు వచ్చింది. వ్యతిరేకత తలెత్తి 1978లో వెనక్కు పోయింది. 1980లో మరొకటి వచ్చింది, అదీ నిలవలేదు. 1999లో కేరళ హైకోర్టు ఒక క్రైస్తవ కుటుంబపు దత్తపుత్రునికి ఆస్తి హక్కు ఉందని తీర్పు చెప్పింది. అసలు దారి తెరుచుకొన్నది 2000 నాటి బాలల న్యాయ చట్టంతో, దానికి 2006లో చేసిన సవరణతో. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని 2014 ఫిబ్రవరి 19న షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ధాత కరువు నాటి నుంచి లెక్కిస్తే నూట ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది.

దయ పేరిట వ్యాపారం

ఈలోగా హైదరాబాదు ఒక చేదు పాఠం నేర్చుకొంది. నల్లగొండ జిల్లా తండాల్లోని నిరుపేద లంబాడా తల్లుల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు కొని, విదేశీ దత్తతలకు పంపుతున్న వ్యవహారం 1999లోను, మళ్ళీ 2001లోను బయటపడింది. ఆ ఇళ్ళలో కొన్నింటి బోర్డుల మీద ఉన్నవి ప్రేమ, కరుణ వంటి మాటలే. విదేశీ దత్తతలపై సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో నియమాలు విధించింది. నియమాలు పుస్తకంలో ఉన్నాయి, దళారులు తండాల్లో ఉన్నారు. పోలీసులు, అధికారులు ఆ ఇళ్ళ నుంచి తెచ్చిన పసివాళ్ళకు మధురానగర్ శిశువిహార్ ఆశ్రయమైంది. నిజాయితీగా పనిచేస్తున్న మఠకన్యల మీద కూడా అనుమానపు చూపు పడింది. అది వారికి అన్యాయమే. అయినా బోర్డు చూసి నమ్మే రోజులు అంతటితో పోయాయి. పోవడమే మేలయింది.

2015లో మరో మలుపు వచ్చింది. ఒంటరి వ్యక్తులకు, విడాకులు పొందినవారికి కూడా దత్తత అవకాశం ఇచ్చే కొత్త మార్గదర్శకాలు తమ మనస్సాక్షికి ఒప్పవంటూ మదర్ థెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ దేశంలో దత్తత పని నుంచి తప్పుకొంది. వారి నిర్ణయాన్ని మెచ్చుకొన్నవారూ ఉన్నారు, పిల్లల సంగతేమిటని అడిగినవారూ ఉన్నారు. రెండోవారి ప్రశ్నే బరువైనది.

ఇల్లు ఉండీ లేనివారు

ఆశ్రమాల్లో ఉన్నవారందరూ తల్లిదండ్రులు లేనివారని అనుకోవడం పొరపాటు. తండ్రి పోయి, తల్లి కూలికి పోలేక తెచ్చి వదిలినవారు అనేకులు. ఇంటి నుంచి పారిపోయి రైలెక్కినవారు మరికొందరు. పెద్ద జంక్షన్ అయిన విజయవాడలో 1989లో డాన్‌బాస్కో గురువులు నవజీవన్ బాలభవన్ స్థాపించినప్పుడు, పిల్లలు తమ గుమ్మానికి వచ్చేదాకా ఆగక ప్లాట్‌ఫారం మీదికే వెళ్ళారు. అలాంటి పిల్లవాడికి ఇంటిపేరు ఉంది, ఊరు ఉంది. కావలసింది తిరిగి వెళ్ళే దారి. అతనితో మాట కలిపి, ఊరి పేరు రాబట్టి, ఆ ఇంట్లో అతనిని పరుగెత్తించినదేమిటో తెలుసుకొని, అది చక్కబడితే అప్పగించడం అన్నం పెట్టడం కంటే చాలా కష్టమైన పని.

2015 బాలల న్యాయ చట్టం కూడా ఆశ్రమాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది. అందుకే నేటి విచారణలకు పాత పిడికెడు బియ్యమే కొత్త పనికి వస్తోంది. వితంతువు ఇంటికి నెలనెలా బియ్యం, బడి ఫీజు చేరితే ఆమె బిడ్డ ఆశ్రమం మెట్లు ఎక్కనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు రూ.4,000 సాయం ఉంది. దాని దరఖాస్తు నింపిపెట్టడానికి ఇద్దరు చదువుకొన్నవాళ్ళు ఆ గడప తొక్కినా చాలు. తాత్కాలికంగా బిడ్డను తమ ఇంట ఉంచుకొనే ఫాస్టర్ కేర్ పద్ధతి కూడా ఉంది. 2024 మార్గదర్శకాల ప్రకారం పెళ్ళికాని వారూ అందుకు అర్హులే.

ఇక దొరికిన పసికందు విషయం. జాలిపడి, పక్కవీధిలో పిల్లలు లేనివారికి ఇచ్చివేయడం మన వాడల్లో పాత ఆచారం. ఆ పని నేడు నేరం. పద్ధతి తప్పిన దత్తతకు మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డ కనబడితే 1098కి గాని, పోలీసులకు గాని చెప్పాలి. 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికి తెలియాలి, బిడ్డ వారి ముందుకు చేరాలి. తల్లి తానే అప్పగించితే మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. వదిలేసిన రెండేళ్ళ లోపు బిడ్డ విషయంలో తల్లిదండ్రుల కోసం వెతికి, రెండు నెలల్లోగా దత్తతకు అర్హత తేలుస్తారు. 2021 సవరణ తరువాత దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా కలెక్టరుకు మారింది.

ఆ ఉత్తర్వు చేతికి వచ్చాక జనన ధ్రువపత్రంలో తల్లి, తండ్రి అన్న చోట పెంచుకొన్నవారి పేర్లే వేస్తారు. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పిస్తే గుడి రిజిస్టరులోనూ అదే 877వ నిబంధన కింద ఆ పేర్లే రాస్తారు.