కరెంటు పోయాకే అసలు పరీక్ష

టీకాల ఫ్రిజ్ మొదలు సబ్ స్టేషన్ దాకా భారమంతా బ్యాటరీ మీదే

చౌటుప్పల్: ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే ఈ ప్రాంత గ్రామాల్లో ముందుగా పోయేది కరెంటే. ఇంట్లో ఫ్యాను ఆగితే విసనకర్రతో సరిపెట్టుకోవచ్చు. కాని ఆసుపత్రిలో పసిపిల్లల టీకాలు దాచిన ఫ్రిజ్‌కు, పాల కేంద్రంలోని శీతల ట్యాంకుకు, చుట్టుపక్కల మందుల కర్మాగారాల్లోని రియాక్టర్లకు ఆ సర్దుబాటు కుదరదు. వీటికి కరెంటు పోయిన క్షణం నుంచే గండం మొదలవుతుంది. ఆ సమయంలో ఆదుకోవలసిన బ్యాటరీలు, ఇన్వర్టర్లు, జనరేటర్లు ఉన్నాయా, ఉంటే పనిచేస్తాయా అన్న ప్రశ్న ప్రతి గ్రామానికీ సంబంధించినదే.

కోతలు తగ్గాయి, అజాగ్రత్త పెరిగింది

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న చౌటుప్పల్ కరెంటు కష్టాలు ఎరిగిన ఊరే. 2012లో రాష్ట్రంలో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’లు విధించిన రోజులు చాలామందికి గుర్తున్నాయి. రైతులు రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోయిన రోజులూ అవే. తెలంగాణ ఏర్పడిన తరువాత 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది. గంటల తరబడి కోతలు తగ్గాయి.

అయితే దీనితోపాటు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. రోజూ కోత ఉన్నప్పుడు బ్యాటరీ బాగుందో లేదో రోజూ తెలిసేది. ఇప్పుడు నెలల తరబడి దాని అవసరమే రాదు. నీరు పోసేవారుండరు, చూసేవారుండరు. చివరికి గాలివానకు స్తంభం కూలిన రాత్రి చూస్తే బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది.

టీకాల ఫ్రిజ్ మూత తెరవరాదు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచాలి. ఇందుకు వాడే ఫ్రిజ్ మన ఇళ్లల్లో ఉండేటటువంటిది కాదు. దాని గోడల లోపల మంచు పొర ఉంటుంది. 24 గంటల్లో 8 గంటలు వరుసగా కరెంటు ఉన్నా లోపలి చల్లదనం నిలిచేలా దీన్ని తయారు చేశారు. ఆ మంచే దీనికి బ్యాటరీ అనుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు మూత పదేపదే తెరిస్తే ఆ రక్షణ కరిగిపోతుంది. సరఫరా ఎంతకూ రాకపోతే టీకాలను మంచు ప్యాకులు పెట్టిన పెట్టెలోకి మార్చాలి. వోల్టేజి హెచ్చుతగ్గులు తగలకుండా ఫ్రిజ్‌కు స్టెబిలైజర్ తప్పనిసరి. ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాయాలి.

పోలియో చుక్కలు వేడికి చెడిపోతాయి. పెంటావాలెంట్, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే చెడిపోతాయి. చెడిన మందు చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. పిల్లవాడికి సూది వేయించామని తల్లి నిశ్చింతగా ఇంటికి పోతుంది. రక్షణ మాత్రం ఉండదు.

దీన్ని కనిపెట్టడానికి తల్లిదండ్రులకూ ఒక దారి ఉన్నది. చాలా టీకా సీసాల మీద ఒక వలయం, దాని నడుమ చిన్న చతురస్రం ఉంటాయి. వేడి తగిలినకొద్దీ చతురస్రం నల్లబడుతుంది. అది చుట్టూ ఉన్న వలయంతో సమానమైన రంగుకు వచ్చినా, అంతకంటె ముదిరినా ఆ సీసా వాడకూడదు. అయితే ఇది వేడి దెబ్బను మాత్రమే చూపుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. టీకా వేసే అక్కను ‘ఒకసారి సీసా చూపించండి’ అని అడగడంలో తప్పేమీ లేదు.

పాల సంగతి మరీ తొందర. పిండిన పాలను త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే సూక్ష్మజీవులు గంటగంటకూ పెరిగిపోతాయి. శీతల ట్యాంకు ఆగి, జనరేటరు కదలకపోతే విరిగేది పాలే కాదు, ఇంటింటా చెంబుతో తెచ్చి పోసిన రైతుల కూలి కూడా.

సబ్ స్టేషన్‌కూ బ్యాటరీయే దిక్కు

కరెంటు పంచే సబ్ స్టేషన్ సైతం బ్యాటరీ మీద ఆధారపడుతుందంటే చాలామంది నమ్మరు. 33/11 కె.వి. సబ్ స్టేషన్‌లో ఒక గదిలో వరుసగా బ్యాటరీ సెల్‌లు ఉంటాయి. ఒక్కో సెల్ 2 వోల్టులు ఇస్తుంది. 110 వోల్టులు కావాలంటే 55 సెల్‌లు కలపాలి. లైను మీద తీగ తెగినా, చెట్టు కొమ్మ పడినా రిలే పసిగట్టి బ్రేకరును పడగొట్టాలి. ఆ పనికి కావలసిన శక్తి సాధారణంగా ఈ బ్యాటరీ నుంచే వస్తుంది. లోపం వచ్చిన క్షణంలో లైను వోల్టేజీ పడిపోతుంది గనుక లైనును నమ్ముకోవడానికి వీలులేదు.

బ్యాటరీ నీరసించి ఉంటే బ్రేకరు పడదు. లక్షల రూపాయల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. అంతకంటె ఘోరం, చేనులో తెగిపడిన తీగలో కరెంటు అలాగే ఉండవచ్చు. బ్యాటరీ ఎంత బాగున్నా, ఎండిన నేల మీద పడిన తీగ ఒక్కోసారి బ్రేకరుకు చిక్కదు. కాబట్టి తెగిన తీగను ఎవరూ తాకరాదు, పశువులను దగ్గరికి పోనివ్వరాదు. వెంటనే 1912 నంబరుకు ఫోను చేయాలి.

బోరు మోటార్లకు ఇన్వర్టరు పెట్టుకునే స్తోమత రైతుకు ఉండదు. అక్కడ కావలసింది కాపుదల. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు. మూలుగుతూ, మిగిలిన ఫేజుల నుంచి ఎక్కువ కరెంటు లాగి కాయిలు కాల్చుకుంటుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉంటే ముందే ఆపేస్తుంది. దాని ఖర్చు మోటారు వైండింగ్ ఖర్చు ముందు తక్కువే. ఆటో స్టార్టర్లతో మరో ముప్పు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే, మొదట్లో ఒక్కొక్కటి మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద పడే భారం అదే.

జనరేటరు ఇంట్లో, ప్రాణం స్తంభం మీద

పెళ్లిళ్లకు, దుకాణాలకు జనరేటరు తెచ్చి, దాని వైరును తిన్నగా ఇంటి బోర్డులో గుచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఇది నిండు ప్రాణాన్ని బలిగొనే పని. ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురెక్కుతుంది. 11,000 వోల్టులను 230కి దించే ట్రాన్స్‌ఫార్మరు, వెనుకనుంచి 230 ఇస్తే తిరిగి 11,000 వోల్టులు పుట్టించగలదు. ఎల్.సి. తీసుకొని, లైను చచ్చి ఉన్నదన్న ధీమాతో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు అదే మృత్యువు. జనరేటరు పెట్టేవారు ఛేంజ్ ఓవర్ స్విచ్ విధిగా వేయించాలి. జనరేటరు పొగలో విషవాయువు ఉంటుంది గనుక మూసిన గదిలో నడపకూడదు.

ఇన్వర్టరు కొనేవారు చిన్న లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోను 1,200 చేతికి వస్తాయనుకోవడం క్షేమం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు కలిపి 186 వాట్లు. అంటే సుమారు ఆరు గంటలు. బ్యాటరీ పాతబడితే ఇందులో సగమూ రాకపోవచ్చు. నీరు పోసే రకం బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఫ్లోరైడు నిండిన మన బోరు నీళ్లు అసలు పనికిరావు. ఛార్జింగులో వచ్చే వాయువుకు మంట అంటుకుంటుంది, అందుకే గాలి ఆడేచోట పెట్టాలి.

జపాను నేర్పిన పాఠం

ఉన్నది గదా అని ఊరుకుంటే ఏమవుతుందో ప్రపంచం 2011 మార్చి 11న చూసింది. జపానులోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రానికి భూకంపంతో బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే నడిచాయి. గంటలోపే సునామీ వచ్చింది. చాలా జనరేటర్లు, స్విచ్ బోర్డులు కింది అంతస్తుల్లో ఉండటంతో నీట మునిగాయి. చల్లబరిచే దిక్కులేక మూడు రియాక్టర్లు కరిగిపోయాయి. అంతటి దేశంలో లోపం యంత్రంలో లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉన్నది. వాన నీరు నిలిచే మూలన జనరేటరు దించుకునే మనకూ ఇది హెచ్చరికే.

ప్రజలు అడగవలసినది

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. నెలకొకసారి మెయిన్ ఆపి, జనరేటరును నిజమైన లోడు మీద పావుగంట నడిపి చూడాలి. డీజిల్ ఎంత ఉన్నదో, బ్యాటరీ నీరు ఎప్పుడు పోశారో గోడమీద చార్టులో తేదీతో రాయాలి. బాధ్యుడి పేరు కూడా అక్కడే ఉండాలి. ఆరోగ్య కేంద్రం, పాల కేంద్రం, నీటి పథకం—ప్రతిచోటా ఈ చార్టు ఉన్నదా అని గ్రామసభల్లో ప్రజలు అడగాలి. వచ్చే గాలివానకు ముందే అధికారులు ఈ తనిఖీ పూర్తి చేయించడం అవసరం.