పట్టణములో ఇల్లు కొను రైతు తెలిసికొనదగిన మాటలు

పిల్లల చదువులకును, ఉద్యోగములకును పట్టణములో నొక ఇల్లుండిన మేలని తలచి, పొలములో కొంత అమ్మియో, పంటమీద కూడబెట్టిన ద్రవ్యము తీసియో, బ్యాంకు ఋణము పొందియో, అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొనుచున్న రైతులు మన సభ్యులలో ననేకులు గలరు. పొలము కొనునప్పుడు రైతును ఏమార్చుట సులభము కాదు. సరిహద్దు రాయి ఎచ్చట నున్నదో, నీరు ఏ తూమునుండి వచ్చునో, అడంగలులోనో పహాణీలోనో ఎవరి పేరున్నదో అతడు స్వయముగ చూచుకొనును. అట్టివాడే పట్టణమునకు పోయి, అమ్మకపువారి ఆఫీసులో కూర్చుండి, రంగుల కాగితముమీద 1,200 చదరపు అడుగులని చూపినంతనే, ఆ అడుగులు ఏయే చోటులవని అడుగకయే బయానా ఇచ్చివేయుచున్నాడు. అచ్చట వాడు మాటలు అతనికి క్రొత్తవి. ఆ మాటలలో ముఖ్యమైనవానిని ఇచ్చట వివరించుచున్నాము.

మొదట తెలియవలసినది విస్తీర్ణము. పొలమునకు విస్తీర్ణ మొక్కటే. ఫ్లాటునకు మూడు విస్తీర్ణములు చెప్పుదురు. ఇంటిలోపల మనము నడచుటకును, మంచము వేసికొనుటకును పనికివచ్చు నేలను కార్పెట్ ఏరియా యందురు. 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము, అనగా అందరును రెరా యని పిలుచు చట్టము, దీనికి స్పష్టమైన నిర్వచన మిచ్చినది. గదుల నడిమి గోడల మందము ఇందులో చేరును. వెలుపలి గోడలును, నీటి గొట్టములును విద్యుత్తు తీగలును పోవుటకు విడిచిన సందులును, ఆ ఫ్లాటునకే చెందిన బాల్కనీయు, పైన తెరపియైన డాబాయు ఇందులో చేరవు. కార్పెట్ ఏరియాకు వెలుపలి గోడలను, బాల్కనీని కలిపిన లెక్కను బిల్టప్ ఏరియా యనియు, ప్లింత్ ఏరియా యనియు అనుట వాడుక. దానికి మెట్లు, లిఫ్టు, నడవలు, కావలివాని గది మొదలగు ఉమ్మడి స్థలములలో కొంత పాలు చేర్చి సూపర్ బిల్టప్ ఏరియా యందురు. కడపటి రెండు మాటలకు రెరా చట్టములో నిర్వచనము లేదు. కావున ఉమ్మడి స్థలముల పేరిట ఎంత కలుపవలెనను విషయమున ఒక్కొక్క బిల్డరు ఒక్కొక్క లెక్క వేయుచుండును.

ఒక ఉదాహరణము చూతము. ఫ్లాటు 1,200 అడుగులు, అడుగు 5,000 రూపాయలు, వెరసి వెల 60 లక్షలు అని చెప్పిరనుకొనుడు. అందులో ఉమ్మడి స్థలముల పాలు 240 అడుగులు, బాల్కనీ 60, వెలుపలి గోడలు 60 అయినచో, లోపల మిగులునది 840 అడుగులు మాత్రమే. 60 లక్షలను 840చే భాగించిన అడుగు వెల సుమారు 7,143 రూపాయలగును. ప్రక్క వీధిలో మరియొకరు అడుగు 5,400 చొప్పున 1,100 అడుగుల ఫ్లాటు చూపి, అందు కార్పెట్ ఏరియా 850 అడుగులని చెప్పినచో, దాని మొత్తము వెల 59 లక్షల 40 వేలు. కార్పెట్ లెక్కను చూచిన అడుగు 6,988 రూపాయలు. అడుగు ధర ఎక్కువగా చెప్పినదే ఇచ్చట చౌక. ఉమ్మడి స్థలమునకు వెల కట్టుట అన్యాయమని మా యభిప్రాయము గాదు. మెట్లు లేక మేడ యెక్కువారెవరు? అయితే ఎంత స్థలమునకు ఎంత ఇచ్చుచున్నామో తెలిసి ఇయ్యవలెను. రెరాలో నమోదైన కట్టడమునకు కార్పెట్ ఏరియా ఇంతయని బిల్డరు తెలుపక తప్పదు. ఆ యంకెను రెరావారి వెబ్‌సైటులో సరిచూచుకొన వచ్చును.

రైతు మనస్సునకు మిక్కిలి దగ్గరి మాట మరియొకటి కలదు. అది అవిభక్త వాటా. కట్టడము నిలిచియున్న నేలలో ఒక్కొక్క ఫ్లాటునకు వచ్చు పాలు ఇది. దీనిని ఫలానా మూలయని గట్టువేసి పంచుకొనుటకు వీలులేదు. 600 గజముల స్థలములో సమానమైన 15 ఫ్లాట్లు కట్టినచో, ఒక్కొక్కదానికి 40 గజములు వచ్చును. సెంటనగా 48.4 గజములు, గుంటయనగా 121 గజములు. అనగా 60 లక్షలిచ్చినవానికి దక్కిన భూమి ఒక సెంటైనను లేదు, గుంటలో మూడవ వంతునకును కొంచెము తక్కువ. దీనికై ఎకరము పొలము అమ్మదలచినవాడు ఈ లెక్కను ముందుగనే ఇంటివారికి చెప్పి ఆలోచించుట మంచిది. గోడలు ఏటేట పాతబడును, నేల పాతబడదు. కట్టడము శిథిలమై పడగొట్టి తిరిగి కట్టునాడైనను, రోడ్డుకొరకు ప్రభుత్వమువారు భూమి తీసికొని నష్టపరిహార మిచ్చునాడైనను, లెక్కకు వచ్చునది ఈ వాటాయే. విక్రయ దస్తావేజు షెడ్యూలులో ఇది ఇన్ని గజములని అంకెతో వ్రాయించుకొనవలెను. ఫ్లాట్లన్నిటి వాటాలను కూడినప్పుడు అసలు స్థలమును మించరాదు. రోడ్డు వెడల్పునకై మునిసిపాలిటీకి విడిచిన భాగమును స్థలములో చేర్చి చూపిరేమో యనికూడ విచారింపవలెను.

గజమనగా ఇచ్చట చదరపు గజము, 9 చదరపు అడుగులు. నేలను గజములలోను, ఇంటిని అడుగులలోను చెప్పుట పట్టణపు వాడుక గాన, రెంటిని కలగాపులగము చేసికొనరాదు. కొన్ని ప్రాంతములలో అంకణముల లెక్కయు కలదు. అంకణపు కొలత ప్రాంతమునుబట్టి మారును గనుక, దస్తావేజులో గజములుకూడ వ్రాయించుకొనుట క్షేమము.

ఇక కాగితముల మాట. విక్రయ ఒప్పందము వేరు, విక్రయ దస్తావేజు వేరు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము ఒప్పందమువలన మాత్రమే ఆస్తిపై హక్కు రాదు. రిజిష్టరైన విక్రయ దస్తావేజు కావలెను. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అనగా జి.పి.ఏ., ఒకరి తరఫున పనిచేయుటకు మరియొకరికి ఇచ్చు అధికారపత్రమే గాని అమ్మకపు పత్రము కాదు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011వ సంవత్సరమున సుప్రీము కోర్టువారు ఈ విషయమును తేటపరచిరి. అయినను జి.పి.ఏ. చాలును, ఖర్చు తగ్గునని చెప్పు మధ్యవర్తులు నేటికిని తారసపడుచునే యున్నారు. ఆ తగ్గు ఖర్చు కొనువానికి మేలు చేయదు.

ఈ.సి. యనునది ఆస్తిమీద రిజిష్టరైన అమ్మకములు, తనఖాలు మొదలగువానిని తెలుపు పత్రము. అది చూపు కాలమును, రిజిష్ట్రారు ఆఫీసునకు ఎక్కిన సంగతులను దాటి అది ఏమియు చెప్పజాలదు. వారసుల తగాదా, నోటిమాట పంపకము, రిజిష్టరు కాని కరారునామా అందులో కనబడవు. అందువలన లింకు దస్తావేజులను, అనగా ఆ ఆస్తి ఒకరినుండి యొకరికి వచ్చిన పూర్వపు దస్తావేజులను, వకీలునకు చూపవలెను. అసలు ప్రతులు ఎచ్చటనున్నవని అడుగవలెను. బ్యాంకులో నున్నచో, ఆ ఫ్లాటు అమ్ముటకు అభ్యంతరము లేదను బ్యాంకువారి పత్రమును కోరవలెను.

బయానా విషయమున రెరా చట్టమొక హద్దు పెట్టినది. ఒప్పందము రిజిష్టరు కాకముందు వెలలో నూటికి 10 పాళ్లకు మించి బిల్డరు పుచ్చుకొనరాదు. పై ఉదాహరణములోని 60 లక్షలకు అది 6 లక్షలు. కొనుగోలుదారులనుండి వచ్చు సొమ్ములో నూటికి 70 పాళ్లు ప్రత్యేకపు బ్యాంకు ఖాతాలో నుంచి, ఆ కట్టడపు పనికిని, భూమి వెలకును మాత్రమే వినియోగింపవలెనని మరియొక నిబంధన. అయితే స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు మించనిచోగాని, ఫ్లాట్లు 8కి మించనిచోగాని నమోదు నిర్బంధము లేదు. చిన్న పట్టణములలో ఇట్టి చిన్న కట్టడములే అధికము. అట్టివానిలో కొనువారు పై విషయములన్నిటిని తామే మరింత శ్రద్ధతో చూచుకొనవలసియుండును.

కట్టడము పూర్తియైన పిమ్మట మునిసిపాలిటీవారు ప్లానును, కట్టినదానిని పోల్చి చూచి, నివసింపవచ్చునని ఇచ్చు పత్రము ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాను మంజూరు పత్రము దీనికి బదులు కాదు. అది పని మొదలుపెట్టుటకు ఇచ్చినది. మంజూరైనవానికంటె ఒక అంతస్తు ఎక్కువ కట్టినను, చుట్టును విడువవలసిన ఖాళీ స్థలమును, అనగా సెట్‌బ్యాకును, ఆక్రమించినను ఈ పత్రము వచ్చుట కష్టము. పై అంతస్తులో తక్కువ వెలకు ఫ్లాటు చూపినప్పుడు, ఆ అంతస్తు మంజూరు ప్లానులో నున్నదా యని మొదట చూడవలెను.

తాళపుచెవులు పుచ్చుకొనునాడు స్వాధీనపత్రమును తేదీతో వ్రాయించి తీసికొనవలెను. ఆ తేదీనుండి 5 సంవత్సరములలోపల కట్టుబడిలోని లోపము బయటపడి కొనుగోలుదారు తెలియజేసినచో, బిల్డరు 30 దినములలో తన ఖర్చుతో బాగుచేయవలెనని రెరా చట్టము. శ్లాబు కారినను, దూలము పగిలినను ఆ పత్రమే మొదట అడుగుదురు.