పలుకు కన్నా పాస్‌పోర్టు ముందు

ప్రైవేటు స్కూళ్ళలో నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి విసిగిపోయిన టీచర్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "కొరియానా, జపానా, థాయ్‌లాండా... ఏది మంచిది?" దేశాన్ని మనం ఎంచుకుంటామన్నదే అసలు అపోహ. చాలాచోట్ల ముందు వాళ్ళే మన పాస్‌పోర్టు చూసి ఎంచుకుంటారు.

"ఇంగ్లీషు బాగా వస్తే ఎక్కడైనా తీసుకుంటారు."
కొరియాలో భాష నేర్పేవాళ్ళకిచ్చే ఇ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీరెంత గలగలా మాట్లాడినా ఆ జాబితా మారదు. చైనా కూడా కొంచెం అటూ ఇటూగా అదే దారి.

"అయితే మనకు కొరియా లేనట్టే."
ఇదీ పూర్తి నిజం కాదు. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఆర్థిక ఒప్పందంలో మనవాళ్ళకో సందు ఉంది. ఇంగ్లీషులో డిగ్రీ, టీచర్ ట్రైనింగ్ అర్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయ ఇంగ్లీషు టీచరుగా చేరవచ్చు. వీధివీధినా ఉండే హగ్వాన్‌లకు, అంటే ట్యూషన్ సెంటర్లకు, ఇది పనికిరాదు. తలుపు తెరిచే ఉందిగానీ చాలా సన్నం. దాన్నే నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేయవద్దు.

"జపాన్‌కు జపనీస్ రావాలి."
బడిలో సహాయ టీచరుగా చేరడానికి అది తప్పనిసరి కాదు. వాళ్ళు చూసేది వేరే. డిగ్రీతోపాటు కనీసం 12 ఏళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివారా అన్నది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవారిని తీసుకోండి. ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఐదేళ్ళు, డిగ్రీ మూడు, పీజీ రెండు, బి.ఎడ్. రెండు. వేళ్ళు మడిచి లెక్కపెడితే సరిగ్గా 12. కానీ ప్రతి ఏడాదికీ 'మీడియం: ఇంగ్లీషు' అని రాసిన కాగితం చూపాలి. మన స్టడీ సర్టిఫికెట్లలో ఆ గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. చదివిన కాన్వెంటు మూతపడితే ఎం.ఇ.ఓ. ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

"మన యాసతో గెలవలేం."
కొందరు యజమానులకు తెల్లమొహం మీద మోజు ఉందన్నది దాచాల్సిన సంగతేమీ కాదు. క్లాసులో మాత్రం లెక్క వేరు. కొరియన్‌లో 'ఫ' శబ్దం లేదు. కాఫీని 'కొపి' అంటారు, అచ్చం మన అమ్మమ్మల 'కాపీ'లాగే. పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి గాలి వదిలితే ఆ శబ్దం వస్తుందని, ఒకప్పుడు తనూ అలా నేర్చుకున్న టీచరు చక్కగా చూపించగలదు. పుట్టుకతో వచ్చినవాళ్ళకు అది ఎలా వచ్చిందో గుర్తుండదు.

"ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటుంటే చాలు."
120 గంటల టెఫెల్, అంటే విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే కోర్సు పేరుతో వీడియోలు అమ్మేవాళ్ళు చాలామంది. కేంబ్రిడ్జి వారి సెల్టాలో అయితే నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, వెనక పరీక్షకులు కూర్చుని రాసుకుంటారు. రెండూ ఒకటే అనుకోవద్దు.

"జీతం ఎక్కువైతే మిగులూ ఎక్కువే."
2021 మొదట్లో డాలరుకు సుమారు 105 యెన్‌లు. 2024 జూలై మొదట్లో అది 160 పైనే ఉంది. అదే జీతం తీసుకుంటున్నవాళ్ళు ఇంటికి పంపే సొమ్ము చిక్కిపోయింది. పైగా టోక్యోలో అద్దెకు దిగితే చాలాచోట్ల అడ్వాన్సు కాక 'రెయికిన్' కట్టాలి. ఇల్లు ఇచ్చినందుకు ఓనరుకు చెల్లించే కృతజ్ఞత అన్నమాట, తిరిగి రాదు. కొరియాలో చాలా ఒప్పందాల్లో ఇల్లు బడే ఇస్తుంది. చైనా ట్యూషన్లలో డబ్బు మూటల కథలైతే పాతబడ్డాయి. 2021 జూలైలో ఆ దేశం బడి సబ్జెక్టుల్లో లాభాపేక్ష ట్యూషన్లను నిషేధించింది, ఇంగ్లీషుతో సహా.

"గల్ఫ్‌కా, మాల్దీవులకా వెళ్ళేది?"
నాకు అర్థంకానిది ఈ చిన్నచూపే. బి.ఎడ్. ఉన్నవాళ్ళకు నేను మొదట చెప్పేది ఈ రెండే. గల్ఫ్‌లోని సి.బి.ఎస్.ఇ. స్కూళ్ళు మన టీచర్ల మీదే నడుస్తున్నాయి. బ్రిటిష్ సిలబస్ స్కూళ్ళతో పోలిస్తే జీతం తక్కువే, ఒప్పుకోవాలి. మాల్దీవుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగుతుంది, భారతీయ టీచర్లు అక్కడికి ఏళ్ళ తరబడి వెళుతున్నారు. అరగంట నడిస్తే అయిపోయే దీవిలో ఏడాది గడపగలరా అన్నది మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న.

"విజిట్ వీసాతో బ్యాంకాక్‌లో దిగితే అక్కడే మార్చుకోవచ్చు."
థాయ్‌లాండ్‌లో పాఠం చెప్పాలంటే నాన్-బి వీసా, వర్క్ పర్మిట్ కావాలి. అవి లేకుండా చెబితే నేరం, దొరికితే ఇబ్బంది పడేది టీచరే. బ్యాంకాక్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్ళి, ఏజెంట్లు సరిహద్దు దాటించి మయన్మార్ సైబర్ మోసాల ముఠాలకు అప్పగిస్తే చిక్కుకుపోయినవాళ్ళలో తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు.

ఏజెంటుకు రూపాయి ఇచ్చేముందు ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో భారత పాస్‌పోర్టుకున్న నిబంధన చదవండి. ఏజెంటు పేరు మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. విజిట్ వీసా మీద రమ్మనే బడికి వెళ్ళకండి.